ట్రినిడాడ్ పోయేవాళ్లు ముందు సూది వేయించుకోండి

ఈ నెల దూరప్రయాణం ముచ్చట. కరీబియన్ సముద్రంలో ట్రినిడాడ్ అనే దీవి ఉంది. చూసొద్దామనుకునేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఎల్లో ఫీవర్ టీకా. ఇది కామెర్లు కాదు, దోమకాటుతో వచ్చే జ్వరం. పోయేటప్పుడు అడగకపోయినా, తిరిగొచ్చినంక మన విమానాశ్రయంలోనే టీకా కార్డు అడుగుతారు. లేకుంటే 6 రోజుల దాకా ఇంటికి పంపకుండా విడిగా ఉంచవచ్చు. సెలవు అయిపోయినోళ్లకు ఆ 6 రోజుల జీతం ఎవరిస్తారు?

సూది వేసుకున్న 10 రోజులకు గాని కార్డు చెల్లదు. ఒక్కసారి వేసుకుంటే జన్మంతా చాలు. సర్కారు గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, గల్లీ దవాఖానాలో కాదు. 60 దాటిన మనలాంటోళ్లకు ఈ టీకాతో ఇబ్బంది వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని డాక్టరును అడిగినంకనే టికెట్ కొనండి.

అమెరికాలో విమానం మారేదుంటే, బయట అడుగు పెట్టకున్నా ఆ దేశపు వీసా కావాలి.

మిలిటరీ మచ్చల బట్టలు అక్కడ నేరం. పిల్లల నిక్కరైనా సరే, సంచిలోంచి తీసేయండి. కరెంటు 115 వోల్టులే, మన ఇస్త్రీపెట్టె సరిగా కాగదు.

తిండికి దిగులు లేదు. 1845 నుంచి 1917 దాకా మన దేశపు కూలీలను అక్కడి చెరుకుతోటలకు ఓడల్లో తీసుకుపోయారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కూలీల వంశాల వాళ్ల చేతి రోటీ, శనగల కూర ఇప్పటికీ అక్కడ దొరుకుతాయి.