మొదలుపెట్టని నెల

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే చాలు, కనపడిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు. "కొత్త సంవత్సరంలో ఏం మొదలుపెడుతున్నారు?" అని. ఒకరు పొద్దున్నే నడుస్తారట. ఇంకొకరు కాఫీలో చక్కెర మానేస్తారట. మూడో ఆవిడ కొత్త భాష నేర్చుకుంటుందట. పేపరు విప్పితే ఏడాది ఫీజులో సగం తగ్గిస్తామనే జిమ్ముల కరపత్రాలు ఒళ్ళో రాలుతున్నాయి. నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. ఏమీ మొదలుపెట్టడం లేదు. బద్ధకం అనుకుంటే అనుకోండి గానీ, నా తరఫున పంచాంగం సాక్ష్యం చెబుతుంది.

డిసెంబరు 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలోకి వస్తాడు. నెలగంట పెడతారు. అక్కణ్ణుంచి భోగి దాకా ధనుర్మాసం. దానికి పుష్యం కూడా తోడవుతుంది, అది ఎటూ శూన్యమాసమే. పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు, శంకుస్థాపనలు లేవు. మాఘం వచ్చేదాకా కల్యాణ మండపాల వాళ్ళు సున్నాలు వేయించుకుంటూ కూర్చుంటారు. మామూలు రోజుల్లో ఫోనెత్తని పురోహితుడుగారు ఇప్పుడు మొదటి రింగుకే ఎత్తి, తీరిగ్గా కుశలం కూడా అడుగుతారు. కొత్తగా ఏదీ తలపెట్టొద్దని పెద్దలు గీత గీసిన నెల ఇది. సరిగ్గా ఆ నెల నట్టనడుమకే జనవరి ఒకటి వచ్చి కూర్చుంది. లోకమంతా నడుం బిగించే రోజు, మనం నడుం వాల్చాల్సిన నెలలో పడింది. ఇంతకంటే అదృష్టం ఏముంది?

ఈ మాట అనగానే వాట్సాప్ పండితులు లేస్తారు. "అసలిది మన కొత్త సంవత్సరమే కాదు, ఉగాదే మనది" అంటారు. ఏటా ఈ సందేశాన్ని తప్పకుండా పంపే మా బావగారే 31 రాత్రి కేకు కోసేటప్పుడు అందరికంటే ముందు నిలబడతారు. ఆయన్ని తప్పుపట్టను. మనకు ఏడాది ఒక్కసారే మారాలని ఎవరన్నారు? ప్రభుత్వం లెక్కల ఏడాది ఏప్రిల్ ఒకటిన మారుతుంది, 1867 నుంచీ అదే వరస. దేశానికి 1957లో ఒక జాతీయ పంచాంగం ఏర్పాటు చేసుకున్నాం. దాని ప్రకారం మార్చి 22న, లీపు ఏడాదిలో అయితే 21న చైత్రం మొదలు. బడిపిల్లలకు ఏడాది జూన్‌లో మారుతుంది. ఉగాది సరేసరి. ఆ మాటకొస్తే జనవరి ఒకటి అంటే ఇంగ్లండు వాళ్ళకు కూడా అనాదిగా వస్తున్నదేమీ కాదు. 1752కి ముందు అక్కడ చట్టం లెక్కన సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి తేదీ కోసం కొట్లాట అనవసరం. వచ్చిన ప్రతి కొత్త సంవత్సరానికీ ఒక కప్పు కాఫీ ఇచ్చి కూర్చోబెడదాం.

తొందర లేదన్న సంగతి ఆకాశంలో కూడా కనిపిస్తుంది. డిసెంబరు 21, 22 దాటితే పగలు పెరుగుతుందని చదువుకున్నాం. నిజమే, కానీ ఆ పెరగడం అంతా సాయంత్రం వైపే. మన తెలుగునాట డిసెంబరు మొదటి నుంచే సాయంత్రాలు మెల్లగా సాగుతుంటాయి. పొద్దుపొడుపు మాత్రం జనవరి మూడో వారం దాకా ఇంకా ఇంకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అంటే జనవరి ఒకటి తెల్లవారుజామున లేచి నడుస్తానన్నవాడికి డిసెంబరు ఒకటి కంటే ఎక్కువ చీకటే ఎదురవుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, భూమి సూర్యుడికి ఏడాది మొత్తంలో అతి దగ్గరగా వచ్చేది కూడా జనవరి మొదటి వారంలోనే, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. జులైలో అంతకంటే 50 లక్షల కిలోమీటర్లు ఎడంగా ఉంటాం. అయినా ఇప్పుడే గజగజ వణుకుతాం. చలి, వేడి నడిచేది దూరాన్ని బట్టి కాదు, భూమి ఒరుగును బట్టి. పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదని మన ముసలమ్మలు ఈ లెక్కలేవీ లేకుండానే చెప్పేశారు.

సంక్రాంతి కూడా నిలకడగా ఒక తేదీన కూర్చోదు. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడే, అది 1863 జనవరి 12. ఇప్పుడదే సంక్రాంతి 14నో 15నో వస్తోంది. నక్షత్రాలను బట్టి కట్టే ఏడాదికీ, గోడ మీది క్యాలెండరు ఏడాదికీ సుమారు ఇరవై నిమిషాల తేడా. అది పోగై డెబ్బై ఏళ్ళకు ఒక రోజు అవుతుంది. పండగే నింపాదిగా జరుగుతూ వస్తుంటే, ఒకటో తేదీ పొద్దునకల్లా మనం మారిపోవాలని ఎందుకీ పట్టుదల?

తీరిక నెల అన్నానని ఈపాటికి చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు. నాకూ తెలుసమ్మా. అరిసెల బియ్యం నానబోసేది, పాకం ఉండ కట్టిందో లేదో నీళ్ళల్లో వేసి చూసేది, గడప కడిగేది, బూజు దులిపేది మగవాళ్ళు కాదు. మా ఆయన లెక్క ప్రకారం ధనుర్మాసం అంటే మంచి ప్రసాదాలు దొరికే నెల. నేను చెప్పే తీరిక పని లేకపోవడం గురించి కాదు. ఏదో సాధించి చూపించాల్సిన పని లేకపోవడం గురించి. పాకం కుదిరితే అరిసెలు తింటాం, కుదరకపోతే అచ్చులు పోసుకుని అవీ తింటాం. దానికి మార్కులు వేసేవాళ్ళు లేరు.

ఇక ప్రసాదాల సంగతికొస్తే మా ఆయన మాట అక్షరాలా నిజం. ఈ నెల్లో తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. గోదాదేవి పాశురాలు ముప్ఫై, రోజుకొకటి. ఊళ్ళో రామాలయంలోనూ అదే వరస. తెల్లవారుజామున చెవులకు మఫ్లరు చుట్టుకుని వెళ్తే, పాశురం అయ్యాక విస్తరాకు దొన్నెలో కట్టెపొంగలి పెడతారు. ఇంట్లో ఎంత బాగా వండినా దానికి ఆ రుచి రాదు. గుడి పొంగలి కాస్త జారుగా ఉంటుంది, నెయ్యి దొన్నె అంచుకు చేరి మెరుస్తుంటుంది. దంచీ దంచని మిరియపు గింజ ఒకటి పంటి కింద పడుతుంది. ఆ ఘాటుకు ముక్కు దిబ్బడ వదులుతుంది. దొన్నె కింద అరచెయ్యి కాలుతుంటుంది, చేతులు మార్చుకుంటూ తింటాం. రెండోసారి వరసలో నిలబడదామంటే పక్కింటివాళ్ళు చూస్తారేమోనని మొహమాటం. మా కాలనీలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళంతా ఆ మొహమాటాన్ని ఎప్పుడో వదిలేశారు.

ఈ రోజుల్లోనే దొరికే ఇంకో సుఖం తేగలు. బెజవాడ రోడ్ల పక్కన బండి మీద కట్టలు కట్టి అమ్ముతారు. తాటిపళ్ళ కాలం అయ్యాక టెంకల్ని ఇసుక మట్టిలో పాతరేస్తే, మొలక నేలలోకి దిగి పిండి పట్టి రెండు మూడు నెలల్లో తేగ అవుతుంది. దాన్ని కుండలో పేర్చి కాలుస్తారు. పైపొర ఒలిచి, కొన దగ్గర పట్టి నిలువునా రెండుగా చీలిస్తే నడుమ సన్నగా, లేతగా ఒక మొలక ఉంటుంది. దాని పేరు చందమామ. మా ఇంట్లో తేగ ఎవరిదైనా చందమామ మాత్రం చిన్నవాళ్ళది. తేగ తినడానికి ఓపిక కావాలి. గబగబా నమిలితే పీచు పళ్ళల్లో ఇరుక్కుంటుంది, కొద్దికొద్దిగా కొరికి పిండి మింగి పీచు వదిలెయ్యాలి. ఒక చేత్తో ఫోను పట్టుకుని తినడం కుదరని తిండి ఇది. అందుకే నాకు మరీ ఇష్టం.

తేగలు కొనుక్కుని అట్నుంచి అటే పుస్తకాల పండగకు వెళ్ళొచ్చు. 1989 నుంచి బెజవాడలో జనవరి మొదటి రోజులంటే పుస్తకాలే. హైదరాబాదు వాళ్ళకు డిసెంబరులో బుక్ ఫెయిర్ అయిపోతుంది, జనవరిలో నుమాయిష్ మొదలవుతుంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఆ ఎగ్జిబిషన్ తర్వాత నాంపల్లి మైదానానికి మారి, ఇప్పటికీ ఫిబ్రవరి సగం దాకా నడుస్తోంది. రెండుచోట్లా కొనేదానికంటే తిరగడమే ఎక్కువ. పుస్తకం అట్ట తిప్పి వెల చూసి, మళ్ళీ పెట్టేసి, పది అడుగులు వేసి వెనక్కి వచ్చి కొనుక్కోవడం, ఇంటికొచ్చాక అది నిరుడే కొన్నామని మా ఆయన అల్మరాలోంచి తీసి చూపించడం ఏటా ఉండే తంతే.

జనవరి ఒకటిని తెలుగువాళ్ళు ఎంత కలుపుకుపోయారో చూడాలంటే 31 రాత్రి ఏ కాలనీలోకైనా వెళ్ళండి. పదకొండు గంటలకు ఆడవాళ్ళంతా గేటు బయటికొచ్చి ముగ్గులు వేస్తుంటారు. ఇది ఏ దొరలూ నేర్పింది కాదు. ధనుర్మాసంలో ముగ్గు ఎలాగూ ఉంది కాబట్టి, కొత్త సంవత్సరాన్ని అందులోకే లాక్కున్నాం. మా అపార్టుమెంటు ముందు 15 చుక్కల ముగ్గు పెట్టారు, సందుచుక్కతో 8 వచ్చేదాకా. మూడో అంతస్తు కోడలు పిల్ల ఫోన్లో చూసి చుక్కలు పెడుతోంది. కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దావిడ ఒకరు దూరం నుంచే కళ్ళు చికిలించి, "ఆ అడుగు వరసలో ఒకటి ఎగిరిపోయిందమ్మాయ్" అన్నారు. లెక్కపెడితే నిజమే. కలపడం మొదలయ్యాక ఆ పిల్ల చెయ్యి ఎక్కడా ఆగలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి పిండి సన్నగా జారుతూ చుక్క చుట్టూ మెలిక తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది. పక్కన రంగులతో హ్యాపీ న్యూ ఇయర్. పన్నెండు దాటాక బైకుల కుర్రాళ్ళు కేకలేస్తూ దాని మీదుగానే పోయారు. పొద్దున్న చూస్తే టైర్ల జాడలు. వాటి మీద కాసిని నీళ్ళు చల్లి, ఓ కొత్త ముగ్గేసి, మధ్యలో బంతిపువ్వు గుచ్చిన గొబ్బెమ్మను పెట్టారు.

ఒకటో తేదీన నేను కచ్చితంగా చేసే పని ఒకటుంది. పాత క్యాలెండరు దించే ముందు పన్నెండు కాగితాలూ తిరగేస్తాను. తిథులు, వర్జ్యాలు, రాహుకాలాల పక్కన ఉన్న ఖాళీలోనే మా ఏడాదంతా ఉంటుంది. గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలు రాని రోజుల మీద ఇంటూ గుర్తు, అత్తయ్యగారి బీపీ మాత్రలు మార్చిన రోజు, "ప్లంబరు వస్తానన్నాడు" అని, దాని కిందే మర్నాటి గడిలో "రాలేదు" అని. జూన్ కాగితం మీద ఎవరిదో ఫోన్ నంబరు ఉంది, పేరు లేదు. డైరీలు రాసే పట్టుదల నాకెప్పుడూ లేదు. రాయాలని కూర్చోకుండానే ఇంత రాసుకున్నామా అని మాత్రం ఏటా ఆశ్చర్యపోతాను. గొప్పగా అనుకున్నవేవీ అందులో ఉండవు. జరిగినవే ఉంటాయి.

ఈ తీరిక అందరికీ దక్కదన్నది కూడా చెప్పుకోవాలి. 31 రాత్రి మనం కేకులూ బిర్యానీలూ తెప్పించుకుంటుంటే, వాటిని మోసుకొచ్చే కుర్రాళ్ళకు ఊపిరి సలపదు. పన్నెండింటికి గేటు దగ్గర నిలబడి ఓటీపీ అడుగుతున్న అబ్బాయికి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పి లోపలికి పిలిస్తే, ఇంకా రెండు ఆర్డర్లున్నాయండీ అంటాడు. మర్నాడు పొద్దున్నే ఊరంతా పగిలిన సీసాలు ఏరేది పారిశుద్ధ్య కార్మికులు. డెల్టా రైతుకు ధాన్యం గట్టెక్కితేనే పండగ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు పొలాల్లోనే నానిపోయాయి. ఆ ఏడు వాళ్ళకు చిన్న సుఖాల గురించి చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? అందుకే కొత్త సంవత్సరానికి తీర్మానం ఒకటైనా చేసుకుని తీరాలని ఎవరైనా పట్టుబడితే నేను ఇది చెబుతాను. 31 రాత్రి తిండి ఇంట్లో వండుకోండి. సీసాలు మీరే ఏరండి. ఆ అబ్బాయీ ఆ కార్మికులూ కాస్త ముందుగా ఇంటికెళ్తారు.

మిగతా తీర్మానాలన్నీ పండగయ్యాక చూసుకుందాం. నడక మాఘంలో మొదలుపెడితే ఎండ హాయిగా తగులుతుంది. తీపి మానడం అరిసెల డబ్బా ఖాళీ అయ్యాకే న్యాయం. జిమ్ములో చేరేది ఉంటే జనవరి నెలాఖరుకు వెళ్ళండి. ఒకటో తేదీన చేరినవాళ్ళలో సగం మంది అప్పటికి మానేసి ఉంటారు, యంత్రాలన్నీ ఖాళీగా దొరుకుతాయి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ముందు కాకిని కదలనివ్వండి, ఆ తర్వాత మన సంగతి చూద్దాం.