తప్పు వాళ్లది, తరుగు మనదా?

కొనుగోలు కేంద్రంలో బస్తాకు ఇంత తరుగని కోసేటప్పుడు గింజలో తేమ ఉందని రైతుకు ఒక సాకైనా చెబుతారు. కంపెనీ తానే లోపం ఉందని వెనక్కి పిలిచిన ఎలక్ట్రిక్ బండికి తరుగు కోయడానికి ఏ సాకు ఉంది? లోపం పుట్టింది ఫ్యాక్టరీలో. నష్టం మాత్రం కొన్నవాడు మోయాలా?

2022 ఏప్రిల్ గుర్తుందా? నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. రోజుల తేడాలో విజయవాడలో మరో ఇంట్లో, పడగ్గదిలో, ఇంకో ప్రాణం పోయింది. ఆ నెలలోనే ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 బండ్లను తనిఖీకి వెనక్కి పిలిచాయి. మరమ్మతుతో తీరే లోపమైతే సరే. కానీ బండి పాతబడి, ఆ మోడల్ ఆగిపోయి, దాని బ్యాటరీ దొరకనప్పుడు? అప్పుడు కంపెనీ డబ్బిచ్చి తీసుకోవాల్సిందే. ఎంతిచ్చి అన్నదే అసలు తగాదా.

ఇన్సూరెన్స్ లెక్క తీస్తే మూడేళ్లు దాటిన బండికి 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు. లక్షా ఇరవై వేలు పోసి కొన్న బండి అరవై వేలకు దిగుతుంది. ఆ లెక్క బాగున్న బండికి రాసింది. ఇక సెకండ్‌హ్యాండ్ రేటంటారా, రీకాల్ అన్న మాట బయటికొచ్చిన రోజే ఆ రేటు చచ్చిపోయింది. చంపినవాళ్లే వచ్చి శవానికి వెల కడతామంటే ఒప్పుకోవాలా?

అమెరికాలో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ మోసం బయటపడ్డాక 2016 ఒప్పందంలో కార్లకు ఏ ధర కట్టారు? గుట్టు రట్టయిన 2015 సెప్టెంబర్ నాటి విలువ. దానిపై కనీసం 5,100 డాలర్ల పరిహారం.

మన చట్టమూ నోరులేనిదేం కాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 110ఎ సెక్షన్ చదవండి. సర్కారు ఆదేశంతో వెనక్కి పిలిచిన బండికి పూర్తి ఖరీదు తిరిగివ్వాలి, లేదా అంతకు తగ్గని మరో బండి ఇవ్వాలి, లేదా బాగుచేయాలి. తరుగన్న మాటే అందులో లేదు. అయితే కంపెనీ తానే ముందుకొచ్చి పిలిస్తే జరిమానా తప్పుతుంది. పూర్తి ఖరీదు మాటను గట్టిగా అడిగేవాడూ ఉండడు. పైగా నిబంధనలు ఏడేళ్లలోపు బండ్ల వరకే. ఏడేళ్లు దాటితే లోపమున్న బ్యాటరీ మంచిదైపోతుందా?

నాలుగేళ్లు తిరిగారు కదా, ఆ వాడకం లెక్క తీసెయ్యొద్దా అని వాదించేవాళ్లున్నారు. టైర్లు, బ్రేకుల అరుగుదల తీసుకోండి, కాదనను. కానీ ఆ నాలుగేళ్లూ ఆ బ్యాటరీని పిల్లలు పడుకునే గదిలో ఛార్జింగ్‌కు పెట్టాం. ఆ ముప్పుకు అద్దె ఎవరు కడతారు?

పిలుపు ఎవరిదైనా, ఏడేళ్లలోపు బండికి బిల్లు మీదున్న పూర్తి ఖరీదు ఇవ్వాలి. అంతకంటే పాతదైతే లోపం బయటపడక ముందు ఆ వయసు బండికి పలికిన ధర ఇవ్వాలి. కొత్త బండి మీద డిస్కౌంట్ కూపన్ వద్దు. డబ్బు, కొన్నవాడి బ్యాంకు ఖాతాలో, బండి తాళం తీసుకున్న రోజే.