చేతికందిన రూపాయి

మన కళాశాల వెలసిన ఈ పేట పేరు బర్కత్‌పుర. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు బర్కత్ అనే మాటను విడమరచి చెప్పనక్కరలేదు. తెలుగు విద్యార్థుల కొరకు దానిని వృద్ధి అనీ, శుభం అనీ చెప్పవచ్చును గాని, ఆ రెండు మాటలు కలిపినా అర్థం పూర్తిగా రాదు. ఉన్న కొద్దిపాటి ధనమే సద్వినియోగమై, ఇంటిల్లిపాదికీ చాలి, మరికొంత మిగిలినప్పుడు "ఆ డబ్బులో బర్కత్ ఉన్నది" అంటారు మన పెద్దలు. పేదవానికి మనం చేసే సాయంలో ఆ బర్కత్ ఎప్పుడు కలుగుతుంది, ఎప్పుడు కలుగదు అన్న ప్రశ్నను ఈ వ్యాసంలో విచారించదలచినాను.

కొన్నేళ్ల క్రిందట నా తరగతిలో పాలమూరు ప్రాంతం నుండి వచ్చిన విద్యార్థి ఒకడు ఉండేవాడు. వారిది దూదేకుల కుటుంబం. తాత విల్లు భుజాన వేసుకొని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. స్పంజి పరుపులు వచ్చిన తర్వాత ఆ విల్లు అటకెక్కినది. తండ్రి రెండెకరాలు కౌలుకు పట్టి పత్తి వేసేవాడు. ఇంట ఒక పాడిగేదె ఉండేది. ఒక ఏడాది అకాల వర్షాలకు చేతికొచ్చిన పత్తి నల్లబడిపోయినది. అదే చలికాలంలో గేదె చనిపోయినది. గోరుచుట్టుపై రోకటిపోటు అంటే అదే. తండ్రి నగరానికి వచ్చి, కట్టుబడిలో ఉన్న ఒక భవనం వద్ద కాపలాకు చేరినాడు. కుర్రవాడు చదువు మానుకొనే స్థితికి వచ్చినాడు.

ఆ కుటుంబానికి సాయం అందలేదని కాదు. దాతలు కొందరు సభ ఏర్పాటుచేసి, పూలమాలల నడుమ, ఆ తల్లికి ఒక కుట్టుమిషను బహూకరించినారు. వారి సద్బుద్ధిని నేను శంకించను. కాని ఆమెకు కుట్టుపని రాదు. వచ్చినా, ఆ ఊరిలో అప్పటికే ఇద్దరు దర్జీలు పని లేక కూర్చున్నారు. మిషను కొన్ని నెలలు మూలన ఉండి, చివరకు సగం ధరకు అమ్ముడుపోయినది. ఆ సగం ధరతో కొన్న రెండు మేకలే ఆ ఇంటిని మొదట ఆదుకున్నవి.

సంగతి తెలిసి అధ్యాపకులం కొందరం చందాలు వేసుకొని 20 వేల రూపాయలు ఆమె చేతికి ఇచ్చినాము. "దేనికి ఖర్చు పెట్టమంటారు సార్?" అని ఆమె అడిగినది. "అమ్మా, అది మాకంటే మీకే బాగా తెలుసు" అన్నాము. ఆమె మొదట వడ్డీ వ్యాపారి బాకీలో ఎక్కువ వడ్డీ గల భాగాన్ని తీర్చివేసినది. కొంత సొమ్ముతో మరి రెండు మేకలు కొన్నది. మిగిలినది విత్తనాలకు దాచినది. మరుసటి తొలకరికి భర్త ఊరు చేరినాడు, కొడుకు తరగతికి వచ్చినాడు. సాహిత్యం చదువుకున్న నేను సరే, అర్థశాస్త్ర పండితులైనా ఆ ఇంటికి అంతకంటె మంచి ప్రణాళిక వేయగలిగేవారని నేను అనుకోను.

ఈ లెక్కను కొంచెం విప్పి చూద్దాం. మన పల్లెలలో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ వింత కాదు. అంటే ఏడాదికి 36 శాతం. 20 వేల అప్పుపై నెలకు 600, ఏడాదికి 7,200 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. పైగా విత్తనాలు, ఎరువులు అరువిచ్చిన వ్యాపారికే, అతడు చెప్పిన ధరకే పంటను కూడా అప్పగించవలసి వస్తుంది. కనుక సరియైన అదనులో చేతికందిన రూపాయి ఆ ఒక్క రూపాయితో ఆగదు. వడ్డీని ఆపుతుంది, బేరమాడే స్వేచ్ఛను ఇస్తుంది, గేదెనో మేకనో అయినకాడికి అమ్ముకొనే దుస్థితిని తప్పిస్తుంది. బర్కత్ అంటే ఇదే కదా!

ఒక్క ఇంటి కథతో సిద్ధాంతం చేయరాదని ఎవరైనా అనవచ్చును. 2011లో మధ్యప్రదేశ్‌లో సేవా సంఘం యునిసెఫ్ తోడ్పాటుతో ఎనిమిది గ్రామాలలో ప్రతి పెద్దవారికి నెలకు 200, ప్రతి బిడ్డకు 100 రూపాయల చొప్పున షరతులు లేకుండా ఇచ్చి, తర్వాత ఆ మొత్తాలను 300కు, 150కి పెంచినది. సాయం అందని గ్రామాలతో పోల్చి చూడగా, సాయం అందిన కుటుంబాలలో పశుసంపద పెరిగినది. విత్తనాలకు, ఎరువులకు పెట్టుబడి పెరిగినది. మద్యంపై ఖర్చు పెరిగిన ఆధారం కనబడలేదు. ఆఫ్రికాలోని కెన్యాలో జరిగిన మరొక ప్రయోగ ఫలితాలు 2016లో వెలువడినవి. అక్కడా పేదలు పశువులను కొన్నారు, గడ్డి కప్పులు తీసి రేకులు వేసుకున్నారు. మద్యం, పొగాకుల మీద ఖర్చు పెరగలేదు. పేదవాని చేతికి డబ్బిస్తే కల్లు దుకాణానికి పోతాడన్న మన నమ్మకం ఎంత బలహీనమైనదో దీనిని బట్టి తెలుస్తుంది. మనకు ప్రతి నెలా జీతం నగదుగానే వస్తుంది, బియ్యపు మూటలుగా రాదు. మనపై మనకున్న నమ్మకం పల్లెటూరి తల్లిపై ఎందుకు ఉండరాదు?

మన రాష్ట్రం ఈ దారిలో పెద్ద అడుగే వేసినది. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలోని శాలపల్లిలో ఆరంభమైన రైతుబంధు పథకం ఎకరాకు సీజనుకు 4 వేల రూపాయలు, మరుసటి ఏడాది నుండి 5 వేల రూపాయలు, పంట పెట్టుబడిగా 50 లక్షలకు పైగా రైతులకు అందించినది. విత్తే ముందు డబ్బు చేరాలన్న ఆ పథకపు మూలసూత్రం ప్రశంసనీయం. కాని అది పట్టాదారు పాసుపుస్తకాన్ని చూసినది, నాగలి పట్టిన చేతిని చూడలేదు. పదెకరాల పట్టాదారు నగరంలో ఉన్నా సీజనుకు 50 వేలు పొందినాడు. ఆ భూమినే కౌలుకు దున్నిన వాడు ఒక్క రూపాయి కూడా పొందలేదు. నా విద్యార్థి తండ్రి అటువంటి వారిలో ఒకడు. 2011లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలురైతులకు చోటు దొరికినది. తెలంగాణలో 2025 జనవరి 26న భూమిలేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేల రూపాయలిచ్చే పథకం మొదలైనది. సాయం ఎవరికి అత్యవసరమో వారినే గుర్తించకపోతే, నగదు సాయం కూడా వాన చెరువు మీదనే మళ్లీ కురిసినట్లు అవుతుంది.

నగదు సర్వరోగ నివారిణి అని నేను చెప్పడం లేదు. ఊరికి బడి, ఆసుపత్రి, రేషను దుకాణం, రోడ్డు ఉండవలసినవే. ఏ ఒక్క కుటుంబమూ తన డబ్బుతో వాటిని కొనుక్కోలేదు. మందులు దొరకని ఊరిలో రూపాయి ఉన్నా రోగం తగ్గదు.

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక వృత్తాంతం ఉన్నది. యాచించడానికి వచ్చిన ఒక అన్సారీని దైవప్రవక్త ముందుగా "నీ ఇంట ఏమున్నది?" అని అడిగినారు. కప్పుకొనే గుడ్డ ఒకటి, నీళ్లు తాగే గిన్నె ఒకటి ఉన్నవని అతడు చెప్పినాడు. ప్రవక్త వాటిని వేలం వేయగా రెండు దిర్హములు వచ్చినవి. ఒక దిర్హముతో ఇంటివారికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి తెమ్మన్నారు. కట్టెలు కొట్టి అమ్ముకొని పదిహేను రోజుల తర్వాత కనబడమన్నారు. అతడు పది దిర్హములు సంపాదించి వచ్చినాడు. గొడ్డలిని నిర్ణయించినది ప్రవక్తయే కదా అని కొందరు వాదింపవచ్చును. నిజమే. కాని ఆయన మొదట అడిగినారు, తర్వాత చెప్పినారు. మొదటి దిర్హమును ఆకలికి కేటాయించి, రెండవ దానిని జీవనోపాధికి కేటాయించినారు. జకాతు సొమ్ము పేదవాని యాజమాన్యంలోకి రావాలని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు తమ్లీక్ అనే మాటతో నిర్ణయించినారు. సాయం పొందినవాడు ఆ సొమ్ముకు యజమాని కావాలి, మన సూచనలకు బంటు కారాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో నా విన్నపం ఒకటి. పేద విద్యార్థుల కుటుంబాలకు మనం ఇచ్చే సాయాన్ని ఇకనైనా వస్తువులుగా గాక నగదుగా ఇవ్వండి. వార్షికోత్సవం దాకా ఆగక, తొలకరికి ముందే ఇవ్వండి. అదను దాటిన సాయం చేతులు కాలిన తర్వాత పట్టుకొనే ఆకుల వంటిది. చిన్న చిన్న ముక్కలుగా పదిమందికి పంచుటకు బదులు, ఒక కుటుంబం నిలదొక్కుకొనేంత మొత్తం ఒకేసారి ఇవ్వండి. కౌలుదారు, కూలీ కుటుంబాలను ముందుగా చూడండి. వేదిక వద్దు, ఛాయాచిత్రం వద్దు. తల్లిదండ్రులు తలవంచి పుచ్చుకోవడాన్ని వారి బిడ్డ తోటి విద్యార్థుల నడుమ కూర్చుని చూడవలసిన అవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీరు ఉద్యోగులై, వర్తకులై, ఇచ్చే చేతులు కాగలరు. ఆనాడు మీ ఎదుట నిలిచిన మనిషికి ఏమి ఇవ్వాలో నిర్ణయించే ముందు, అతనికి ఏమి కావాలో అడగండి. అతడు చెప్పిన మాటను నమ్మండి.