ఇచ్చేవాడు ముందు దాటాలి

అష్టావధాన సభలో సమస్య నిచ్చే పృచ్ఛకునికి మా గురువులు ఒక నియమం చెప్పేవారు. ఇచ్చే ముందు ఆ సమస్యకు తన పూరణ తన దగ్గర సిద్ధంగా ఉండాలి. అవధాని పూరించలేక తడబడితే, లేదా "ఇది పూరణకు లొంగదు" అని అంటే, పృచ్ఛకుడు లేచి తన పద్యం చదవగలగాలి. అలా చదవలేనివాడు ఇచ్చినది సమస్య కాదు, ఉపద్రవం. ఈ నియమాన్ని పాటించని పృచ్ఛకులనూ చూశాను, వారిని చూసి సభ నవ్వడమూ చూశాను. అయితే ఇదే నియమాన్ని జపాను దేశపు వీడియో ఆటలో చూడవలసి వస్తుందని మాత్రం ఏనాడూ ఊహించలేదు.

సెలవులకు వచ్చిన మా మనుమడు ఆడుతూంటే ప్రక్కన కూర్చుని తెలుసుకొన్నాను. మీసాల మారియో గోడలెక్కి, గుంటలు దూకి, చివరనున్న జెండాస్తంభాన్ని అందుకొనే ఆట 1985 నాటిది. క్యోటో నగరంలోని నింటెండో సంస్థ దానికి ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంలో, 2015 సెప్టెంబరు 10న జపానులోనూ మరునాడు అమెరికా, ఐరోపాలలోనూ 'సూపర్ మారియో మేకర్'ను విడుదల చేసింది. అందులో ఆడడమే కాదు, ఆడించడమూ ఉంది. ఇటుకలు, గొట్టాలు, తాబేళ్ళు, నిప్పులు అన్నీ చేతికిచ్చి, "నీ దారి నీవే కట్టు, లోకానికి పంపు" అన్నారు. ఒక్కొక్క దారిని పిల్లలు లెవెల్ అంటారు. 'ఘట్టం' అందామా అని చూశాను గాని, మనుమడి ముఖం చూసి మానుకొన్నాను. లెవెల్ అనే అందాం.

తొలినాళ్ళ మారియో లెవెళ్ళను మియామోటో, తెజుకా గ్రాఫు కాగితాలపై చేత్తో గీసేవారట. గళ్ళ కాగితం, పెన్సిలు, రబ్బరు! గణాలు లెక్కపెట్టుకొంటూ పద్యం కట్టే పిల్లవాని నోటుపుస్తకం నాకు గుర్తుకు వచ్చింది. ముప్పై ఏళ్ళపాటు ఆ కాగితం నిర్మాతల బల్ల మీదనే ఉండిపోయింది. 2015లో అది ఆటగాళ్ళ చేతికి వచ్చింది. వారి ఉత్సాహానికి అంతు లేకపోయింది. విడుదలైన కొద్దిరోజులలోనే పదిలక్షలకు పైగా లెవెళ్ళు తయారయ్యాయి. 2016 మే నాటికి ఆ సంఖ్య డెబ్బై లక్షలు దాటింది. ఇంతమంది ప్రశ్నలడగాలని ఉబలాటపడుతూ కూర్చున్నారన్నమాట! అవకాశం లేక జవాబులు చెప్పుకొంటూ వచ్చారంతే.

ఇక నియమం. మీరెంత కఠినమైన లెవెల్ కట్టినా సరే, దానిని లోకానికి పంపాలంటే ముందు మీరే మొదటినుంచి చివరిదాకా ఆడి గెలవాలి. గెలిచేదాకా యంత్రం దానిని స్వీకరించదు. బ్రతిమాలినా వినదు, సిఫారసు చెల్లదు. నిర్మాతలు దీనిని ఆటకు అవసరమైన ఏర్పాటుగా పెట్టి ఉంటారు. నాకు మాత్రం ఇది రచనాధర్మంగా కనబడింది. ఎదుటివాడిని ఎక్కడ పడవేయాలని గుంట త్రవ్వానో ఆ గుంటలో ముందు నేను పడి, లేచి, దాటి చూపాలి. ఆటగాళ్ళ ఉత్సాహంలో సగం ఈ నియమం వల్లనే పుట్టిందని నా అభిప్రాయం. లెవెల్ తెరిచేవానికి ఒక నమ్మకం చేతికందుతుంది. ఇది అసాధ్యం కాదు, మనిషి ఒకడు దీనిని దాటాడు.

ఇంకొక ముచ్చట. ఆ లెవెల్‌లో మీరు చనిపోగానే, మీకంటే ముందు ఆడినవారు ఎక్కడెక్కడ చనిపోయారో ఆయా చోట్ల ఇంటూ గుర్తులు కనబడతాయి. ఒక్కచోట గుంపుగా గుర్తులుంటే అక్కడ ఏదో కిటుకు ఉందని అర్థం. ఎన్ని వందల జవాబుపత్రాలు దిద్దాను! ఏ ప్రశ్న దగ్గర ఎందరి కలం ఆగిపోయిందో చూడవలసినవాణ్ణి, మార్కులు కూడుకొంటూ పోయాను తప్ప ఆ గుర్తులు చూడలేదు.

ఈ నియమాన్ని ఆకాశానికెత్తుతున్నానని అనుకోవద్దు. నియమమున్న చోట సందూ ఉంటుంది. మొదట్లోనే కనబడని మూలలో ఒక తలుపు దాచి, అందులోంచి నేరుగా జెండా దగ్గరకు చేరుకొని, "నేను గెలిచాను" అని లెవెల్ పంపేవారు ఉన్నారు. తాను నడవని దారిలో ఇతరులను నడిపించడం ఇది. మరొక ఆక్షేపణ కూడా న్యాయమైనదే. కట్టినవానికి రహస్యం తెలుసు కనుక, వాడు దాటినంత మాత్రాన అది బాగున్నట్లు కాదు. నిజమే. పూరణ ఉన్న ప్రతి సమస్యా మంచి సమస్య కాదు. మన సభలలోనూ అసభ్యపు సమస్యలకు పూరణలు ఉంటూనే ఉన్నాయి.

అయినా ఆ నమ్మకం ఎంత బలమైనదో చెప్పే కథ ఒకటుంది. వీ యూ యంత్రంపై వచ్చిన ఆ తొలి ఆటకు క్రొత్త లెవెళ్ళు పంపే వీలును 2021 మార్చి 31తో ఆపివేశారు. ఆన్‌లైన్ సేవను 2024 ఏప్రిల్ 8న పూర్తిగా మూసివేశారు. ఆ గడువులోపల, కట్టినవాడు తప్ప మరెవరూ దాటని లెవెళ్ళన్నిటినీ దాటితీరాలని 'టీమ్ జీరో పర్సెంట్' అనే బృందం పట్టుబట్టింది. జీతం లేదు, బహుమానం లేదు. ఎవరో ఎక్కడో కట్టి, తానొక్కడే దాటి వదలిన లెవెల్‌ను అనాథగా పోనివ్వరాదని వారి పంతం. 2024 మార్చి నడిమికి చివరకు ఒక్కటే మిగిలింది. దాని పేరు 'ట్రిమ్మింగ్ ది హెర్బ్స్'. ఆడితే ఇరవై సెకన్లు కూడా పట్టదు. కాని సెకనులో అరవయ్యో వంతు తేడా వచ్చినా మారియో మరణిస్తాడు. మహామహులు వేలసార్లు ప్రయత్నించారు. అలసిపోయినవారందరినీ నిలబెట్టినది ఒకే మాట: కట్టినవాడు దాటాడు కదా!

మార్చి 22న కట్టినవాడు నిజం ఒప్పుకొన్నాడు. అతడు దాటలేదు. బొత్తాలు యంత్రమే నొక్కేలా ఏర్పాటు చేసి గెలిచినట్లు చూపాడు. అందుచేత బృందం దానిని లెక్కలోనుంచి తీసివేసి, తమ పని ముగిసిందని ప్రకటించింది. కొందరు కోపగించారు, కొందరు క్షమించారు. ఏడేళ్ళు దాచిన మాట ఆలస్యంగానైనా చెప్పాడన్నారు. నా మట్టుకు నేను అంత త్వరగా క్షమించలేను. పూరణ లేని సమస్య నిచ్చి, ఉన్నదని చెప్పడం పృచ్ఛకుడు చేయరాని పని. అవధాని ఓడితే ఓడుతాడు, అది వేరు. లేనిదానికోసం అతనిచేత వెదికించడం వేరు.

తరువాత జరిగినది మరీ విచిత్రం. సేవ మూతబడడానికి మూడురోజుల ముందు, ఏప్రిల్ 5న, ఒక ఆటగాడు అదే లెవెల్‌ను ఏ యంత్రసహాయమూ లేకుండా తన చేతులతో దాటాడు. ఇక దాటనక్కరలేదని తేలిన తరువాత దాటాడు! కట్టినవాని అబద్ధం అంతటితో నిజమైపోదు. కాని ఆ ఇరవై సెకన్ల కోసం తెల్లవార్లూ కూర్చున్నవాని ముందు నాబోటి పండితుడు చేయగలిగినది నమస్కారమొక్కటే. మనుమడు ఆ వీడియో చూపినప్పుడు నేను రెండుసార్లు వేయించుకొని చూశాను.

మూతబడిన పిమ్మట, ముందే తమ యంత్రాలలో దింపుకొన్న లెవెళ్ళు మాత్రమే వీ యూ వారికి దక్కాయి. 2019లో వచ్చిన రెండవ భాగంలోనూ పంపేవాడు ముందు దాటాలన్న నియమం అలాగే ఉంది. మనుమడు తాను కట్టినదాన్ని తానే దాటలేక మూడు సాయంకాలాలు తిప్పలుపడి, చివరకు ఒక ముళ్ళబంతిని తీసివేశాడు. "తీసేయడం ఎందుకురా, వచ్చేవాళ్ళని పడేస్తుంది కదా" అన్నాను. "నేనే పడుతున్నా కదా తాతయ్యా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ముప్పై ఏళ్ళకు పైగా పదవ తరగతి పిల్లలకు తెలుగు ప్రశ్నపత్రాలు కూర్చాను. ఛందస్సు, అలంకారం, ప్రతిపదార్థం, వ్యాసం. ఒక్కదాన్నయినా గడియారం ముందు పెట్టుకొని నేను వ్రాసి చూడలేదు. పిల్లలు "టైము చాలలేదు మాస్టారూ" అంటే, "చదివినవాడికి చాలుతుంది" అనేవాణ్ణి. నా పత్రాలలో ఒకటి పాత పెట్టెలో దొరికింది. మొన్న ఆదివారం ఉదయం తెల్లకాగితాలు తీసుకొని కూర్చున్నాను. మూడుగంటలు పూర్తయ్యేసరికి వ్యాసం మొదలుపెట్టలేదు, ఒక పద్యానికి ప్రతిపదార్థం సగంలో ఉంది.