ఇంటి సంఖ్య ఎవరికొఱకు?

ఊరివారికి ఇంటి సంఖ్యతో అంతగా పని యుండదు. కావలిలో పుట్టి పెరిగినవాడు తోటివారి ఇంటిని గుడిని బట్టియో, చెట్టును బట్టియో, ఇంటి యజమాని పేరును బట్టియో గుర్తించును. ఆ గురుతులెరుగని క్రొత్తవానికే సంఖ్య కావలయును. కావున సంఖ్యలు వేయు పద్ధతి మంచిదా కాదా అని బాటసారి కన్నులతో చూచి నిర్ణయింపవలెను.

మన పట్టణములలో ఇంటి సంఖ్య సాధారణముగా మూడు భాగములుగా నుండును. మొదటిది వార్డును, రెండవది బ్లాకును, మూడవది ఇంటిని తెలుపును. పద్ధతి చక్కనిదే. కాని రెండిండ్ల నడుమ క్రొత్త ఇల్లు వెలసినపుడు, పాత సంఖ్యకే ఒక అంకెనో అక్షరమునో తగిలించి సరిపెట్టుదురు. క్రమముగా వరుస చెదరును. కావలినుండి చెన్నైకి వెళ్లువారికి మఱియొక చిక్కు కలదు. అచ్చట పెక్కు ఇండ్లకు పాత సంఖ్య యొకటి, క్రొత్త సంఖ్య యొకటి. చిరునామాలో ఏది వ్రాసిరో తెలియనిచో వేఱొకరి తలుపు తట్టవలసి వచ్చును.

విదేశములలో ఈ చిక్కు ఇంకను హెచ్చు. జపాను నగరములలో పెక్కు వీధులకు పేర్లే లేవు. చిరునామా వీధిని గాక బ్లాకును అనుసరించును. పూర్వము భూమి సంఖ్యలే ఇంటి సంఖ్యలగుటచే వరుస తప్పెను. దానిని చక్కబఱచుటకు 1962లో చట్టము చేసిరి. పారిస్ నగరములో 1805లో ఏర్పఱచిన నియమము సులభమైనది. సేన్ నదినుండి దూరముగా సాగు వీధులలో సంఖ్యలు నదివైపు మొదలగును. నది వెంబడి సాగు వీధులలో ప్రవాహము ననుసరించును. ఒక ప్రక్క బేసి, మఱియొక ప్రక్క సరి. ఈ ఒక్క నియమము నెరిగినవాడు అచ్చట దారి తప్పడు.

చేతిఫోనులోని పటము దారి చూపుచుండగా సంఖ్యలేల యని కొందరందురు. పటము వీధివఱకు తీసికొనిపోవచ్చును. చీకటిలో ఏ గుమ్మమో తెలుపవలసినది గోడమీది సంఖ్యయే. మన రాష్ట్రమున 2005లో 108 వాహనములు వచ్చినవి. రోగికొఱకు వచ్చిన ఆ వాహనము ఇల్లు తెలియక వీధిలో తిరుగుచున్నచో, గడచు ప్రతి నిమిషమును ప్రాణముతో ముడిపడినదే.

విద్యార్థులారా! 524201 అను పిన్‌కోడు ఉత్తరమును కావలి వఱకు చేర్చును. గుమ్మము చేర్చునది ఇంటి సంఖ్య. మీ ఇంటి సంఖ్య వీధినుండి స్పష్టముగా కనబడుచున్నదా? సంఖ్యలను వరుసగా నుంచుట పురపాలక సంఘముయొక్క విధి; వానిని కనబడునట్లు వ్రాయించుట గృహస్థుని విధి.