నలుగురికి వంటిల్లు... నలభై మందికి సాయబాను

సంక్రాంతి ఇంకా నాలుగు రోజులుందనగా మహబూబాబాద్ జిల్లా గూడూరులో మా చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లాను. కొత్త ఇల్లు. గృహప్రవేశమై ఏడాది కూడా కాలేదు. వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు, కింద స్టీలు అరలు, గోడకు పూల టైల్స్... చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఆ రోజు సకినాలు చేయాలి. వాడకట్టులోని ఆడవాళ్లు ఆరుగురు సాయానికొచ్చారు.

సకినాల సంగతి ఓరుగల్లు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేలమీద పరిచిన బట్ట చుట్టూ కూర్చుని వేళ్లతో చుట్టాలి. కాస్త ఆరాక నూనెలో కాల్చాలి. ఒక్క చేతిమీద అయ్యే పని కాదు. కానీ ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. చివరికి బట్టను హాల్లో పరిచారు. పెద్ద మూకుడు గ్యాస్ పొయ్యిమీద నిలవక ఒరిగిపోతుంటే, ఇంటి వెనక మూడు ఇటుకలు పెట్టి ఎండలోనే కట్టెలు రాజేశారు. చుట్టేది ముందు, కాల్చేది వెనక, మధ్యలో అటూ ఇటూ తిరుగుతూ చిన్నమ్మ. సకినాలు చుట్టడంలో వాడకట్టంతా మెచ్చుకునే వాళ్ల అత్త మాత్రం పక్క గదిలో మంచమ్మీద ఒక్కతే కూర్చుంది. కింద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వవు మరి!

‘‘పాత వంటిల్లు చిన్నదే గని ఎనక సాయబాను ఉండె బిడ్డా. పదిమందిమి కూసునేటోళ్లం. అది కూలగొట్టి తప్పు జేసినం’’ అంది చిన్నమ్మ.

ఇల్లు కట్టుకునే చాలామంది చేసే పొరపాటే ఇది. బొమ్మల పుస్తకంలో చూసిన వంటిల్లు తెచ్చుకుంటాం. మన ఇంట్లో ఎవరు, ఎప్పుడు, ఏం వండుతారన్నది మాత్రం లెక్క వేసుకోం.

ఒక్కరి కోసం పుట్టింది

ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి మూలం జర్మనీలో ఉంది. 1926లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని కొత్త ఇళ్ల కోసం ఓ వంటింటిని రూపొందించారు. సుమారు ఆరడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. అన్నీ చేతికందేలా అమర్చారు. దాదాపు పదివేల ఇళ్లలో అదే వంటిల్లు వచ్చింది. ఆడవాళ్లకు నడక, శ్రమ తగ్గాయి. అయితే, అది ఒక్కరు వండుకునే వంటిల్లు. రెండో మనిషికి చోటివ్వక ఇల్లాలిని ఒంటరిని చేసిందన్న విమర్శ కూడా తర్వాత వచ్చింది.

మన ఊళ్లలో మార్పు గ్యాస్‌తో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం గ్యాస్‌ను పేదిళ్లకూ చేర్చాయి. కళ్లు మండే పొగ తగ్గింది. అది చిన్న మేలు కాదు. పీటమీద కూర్చుని వండే మనిషి గట్టు ముందు నిలబడింది. ఆ మార్పులో పదిమంది కలిసి కూర్చునే చోటు మాత్రం పోయింది.

అలాగని వంటింటినే పెద్దది చేస్తే? సంక్రాంతి, బతుకమ్మ, దసరా, రెండేళ్లకోసారి మేడారం జాతర, ఇంట్లో శుభకార్యాలు... అన్నీ కలిపినా ఏడాదిలో సందడి రోజులు కొద్దే. వాటి కోసం వంటింటిని హాలంత చేస్తే మిగిలిన రోజులన్నీ పొయ్యికీ సింకుకూ మధ్య నడకే. అందుకే రోజువారీ వంటకు చిన్న వంటిల్లు, సందడికి దాన్ని ఆనుకుని ఓ సాయబాను ఉంటే చాలు.

లోపల ఇలా...

పొయ్యి, సింకు, ఫ్రిజ్ మూడూ ముక్కోణంలా ఉండాలి. ఒకదానికీ మరోదానికీ మధ్య నాలుగు నుంచి తొమ్మిదడుగుల దూరం ఉంటే సౌకర్యం. ఇద్దరు కలిసి వండే ఇల్లయితే నడిచే దారి నాలుగడుగులు వదలండి.

గట్టు ఎత్తును మేస్త్రీకి వదిలేయొద్దు. రోజూ వండే మనిషి నిటారుగా నిలబడి మోచేయి మడవాలి. దానికి నాలుగు నుంచి ఆరంగుళాల కింద గట్టు ఉంటే నడుము, భుజాలు నొప్పెట్టవు.

వంటగ్యాస్ గాలికన్నా బరువైంది. లీకైతే నేలమీదే పేరుకుంటుంది. కాబట్టి పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి ఊరుకోకుండా, నేలకు దగ్గరగా గోడలో గాలి పోయే జాలీ కూడా పెట్టించండి. సిలిండర్ ఎప్పుడూ నిలువుగా, పొయ్యికన్నా కిందే ఉండాలి.

ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పుముఖంగా పొయ్యి... దీన్ని కాదని ఇల్లు కట్టేవాళ్లు మన దగ్గర తక్కువ. దాంతో చాలా ఇళ్లలో వండే మనిషి వీపు హాలు వైపే ఉంటుంది. చుట్టాలు అక్కడ నవ్వుకుంటుంటే ఆమె ఇక్కడ గోడతో మాట్లాడుకోవాలి. హాలుకూ వంటింటికీ మధ్య గోడలో, గట్టు ఎత్తున మూడడుగుల కిటికీ వదలండి. తలుపులు పెట్టించుకుంటే వద్దనుకున్నప్పుడు మూసేయొచ్చు. గిన్నెలు అందించడానికీ పనికొస్తుంది, మాట కలపడానికీ పనికొస్తుంది.

బయట ఇలా...

సాయబానుకు రెండు వైపులైనా గోడలు లేకుండా ఉంటే పొగ నిలవదు. పైకప్పు రేకులు ఎత్తుగా ఉండాలి. వంటింట్లోంచి నేరుగా తలుపు, మధ్యలో గడప, మెట్టు లేకుండా. వేడి గిన్నెలు మోసేటప్పుడు కాలు తట్టుకునేది అక్కడే. ఒక నల్లా, నీళ్లు నిలవకుండా వాలు, కాలికి జారని బండలు, ఒక లైటు. పెద్ద మూకుళ్లకు, డేగిశాలకు నేలమీదే పొయ్యి. గోడ వారగా కూర్చునే ఎత్తులో ఓ అరుగు. ఆ పక్కనే ఓ చెక్కబల్ల, నాలుగు కుర్చీలు. కింద కూర్చోలేని పెద్దవాళ్లు పనికి దూరం కాకుండా ఉండేది ఈ బల్ల వల్లే. మామూలు రోజుల్లో అక్కడే కూరగాయలు తరగొచ్చు, పిల్లలు హోంవర్క్ రాసుకోవచ్చు.

ఆ తర్వాతి సంక్రాంతికి చిన్నమ్మ వాళ్లింటి వెనక రేకుల సాయబాను లేచింది. బల్లమీద తెల్లబట్ట పరిచి ఉంది. వాళ్ల అత్త కుర్చీలో కూర్చుని చకచకా సకినాలు చుడుతోంది. నేనూ ఒకటి ప్రయత్నించాను. ఆమె దాన్ని కాసేపు పరీక్షగా చూసి, ‘‘గిదేం సకినం బిడ్డా? దారం ఉండ లెక్కుంది’’ అంది.

అందరూ నవ్వారు. పొయ్యి దగ్గరున్న చిన్నమ్మ కూడా!