కొనుక్కున్న రొట్టె

ఈ నెల చెప్పడానికి పెద్ద సంగతులేవీ లేవు. మా ఇంటి పొయ్యి సంగతి, దానితోపాటు మా వీధి మలుపులో ఉన్న మరొక పొయ్యి సంగతి వ్రాయదలిచాము. తిండి మాటలేనా అని కొందరు నవ్వవచ్చు. గాని రోజుకు మూడుసార్లు మనమందరం తప్పక చేసే పని అదే గనుక, దాన్ని గురించి ఒక పేజీ వ్రాస్తే తప్పులేదని అనుకుంటున్నాము.

మేముండేది వనపర్తిలో. మా పుట్టిన ఊరు కృష్ణకు ఆవలి ఒడ్డున, గద్వాల దిక్కున, నడిగడ్డలో. మా చెల్లెలిని ఇచ్చింది నాగర్‌కర్నూలులో. 2016 అక్టోబరు 11న ఈ మూడు ఊళ్ళూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అంతకుముందు అందరమూ పాలమూరు జిల్లా వాళ్ళమే. జిల్లాలు వేరైనా పండుగకు కలుసుకున్నప్పుడు మా విస్తళ్ళలో కనబడేది ఒకటే: పుంటికూర పప్పు, పచ్చి పులుసు, పల్లికాయ పొడి. ఆ పొడిని మా అమ్మ ఇప్పటికీ బుడ్డల పొడి అనే అంటుంది.

మేము బయట తిననివాళ్ళమేమీ కాము. గద్వాలలో బస్సు దిగితే ఉగ్గాని తినకుండా ఊరికి పోయింది లేదు. నానబెట్టిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తాళింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తే ఎవరు వద్దంటారు? మా అబ్బాయికి సాయంకాలమైతే బండి మీది ఎగ్ నూడుల్స్ మీదనే మనసు. ఆదివారం ఆరాధన ఆలస్యమైతే బిర్యానీ పొట్లాలు ఇంటికి తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. వండే చేతులకు ఒక పూట విశ్రాంతి దొరికితే దాన్ని దుబారా అని మేమెన్నడూ అనలేదు.

రెండేండ్ల క్రితం నాయిన కాలం చేసిన తరువాత అమ్మ మా దగ్గరకు వచ్చింది. ఆమెకు డెబ్బై అయిదు దాటింది. చక్కెర వ్యాధి ఉన్నది. డాక్టరుగారు మాత్రలు వ్రాసి, రాత్రిపూట అన్నం మాని జొన్నరొట్టె తినమన్నారు. ఆ మాటకు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. జొన్నరొట్టె తిని పెరిగిన మా ఇద్దరిలో ఒక్కరికీ రొట్టె కొట్టడం రాదు. అమ్మకు వచ్చు గాని ఆమె కుడి భుజం పైకి లేవదు.

ఇక ఉన్న దారి ఒకటే. మా వీధి మలుపులో ఒక ఆడమనిషి పొద్దు గూకే వేళకు బండి పెట్టి రొట్టెలు చేసి అమ్ముతుంది. రోజూ సాయంకాలం మా అబ్బాయి పోయి, ముప్పై రూపాయలిచ్చి, రెండు రొట్టెలు కాగితంలో చుట్టించుకొని వచ్చేవాడు. ఎనిమిది గంటలకు అమ్మ ముందర పెట్టేవాళ్ళము. బాధ్యత తీరిందనుకున్నాము.

ఆ రొట్టెను చూసినప్పుడల్లా మాకు ఒక సంగతి తలపుకు వచ్చేది. మా చిన్నతనంలో ఇంట్లో రొట్టె, గటక, అంబలి. హోటలుకు పోతే అన్నం. బియ్యపు అన్నం పండుగకో చుట్టాలొస్తేనో వండేవారు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అప్పుడు మేము హాస్టలులో ఉన్నాము. ఇంటినుండి వచ్చిన రొట్టెల మూట విప్పడానికి సిగ్గుపడి, అందరూ నిద్రపోయిన తరువాత తిన్న రాత్రులు ఉన్నాయి. తరువాత జూరాల వచ్చింది. భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాయి. వాటి వెంట వరి వచ్చింది. నడిగడ్డ చేలలో విత్తన పత్తి నిండింది. జొన్న చేను తగ్గిపోయింది. 2025 ఏప్రిల్ నుండి రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు. జొన్నలు మాత్రం అంగట్లో డబ్బు పెట్టి కొనాలి. ఇప్పుడు ఇంట్లో అన్నం, వీధిలో రొట్టె. లెక్క తిరగబడింది.

యేసు ప్రభువు దినాల్లో కూడా గోధుమ రొట్టె కలిగినవారిది, యవల రొట్టె లేనివారిది. కొండమీద ఆ చిన్నవాడు తెచ్చిన అయిదు రొట్టెలు యవలవే. మన దిక్కున యవల స్థానంలో జొన్న ఉండేది. అదే జొన్నను, దాని తోబుట్టువులైన సజ్జ, కొర్రలను గౌరవించి ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. హాస్టలులో చీకట్లో తిన్న రొట్టెకు ఇంత పేరు వస్తుందని మాకు అప్పుడు తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాము. రొట్టెలు తేవడం మొదలుపెట్టిన రెండు నెలలకు, ఒక రాత్రి తొమ్మిదిన్నర వేళ, అమ్మ మంచినీళ్ళకని లేచి గోడ పట్టుకొని నిలబడిపోయింది. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. మాట తెలుస్తున్నది గనుక చక్కెర కలిపిన నీళ్ళు తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయాము. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందన్నారు. "మాత్ర వేసుకొని తిండి తగ్గిస్తే ఇట్లాగే అవుతుంది. ఈమె సరిగా తింటున్నదా?" అని డాక్టరుగారు అడిగారు. తింటున్నది, రోజూ రెండు రొట్టెలు అని గట్టిగా చెప్పాము.

మరునాడు ఆమె పక్క దులుపుతుంటే తలగడ వెనుక ఒక కవరు దొరికింది. అందులో ఎండిన రొట్టె ముక్కలు. పొద్దున పిట్టలకు వేస్తున్నదట. ఆమె రోజూ తిన్నది సగం రొట్టె. ఎదుట పెట్టి పోయాము గాని ఎదుట కూర్చోలేదు. అందుకే మాకు తెలియలేదు. ఆ తప్పు మాదే.

రొట్టె బాగా లేదా అమ్మా అని అడిగాము. "రొట్టెకేమయింది బిడ్డా, మంచిగనే ఉంది" అన్నది. అంతకంటే ఒక్క మాట చెప్పలేదు.

ఆమెకు గాలి మార్పు కావాలేమోనని, తేరుకున్న తరువాత ఒక సెలవు దినాన జూరాలకు తీసుకొనిపోయాము. ఆత్మకూరు మీదుగా పోతే డ్యాం దగ్గర వరుసగా చేపలు వేయించి అమ్మేవాళ్ళుంటారని చదువరుల్లో చాలామందికి తెలుసు. మేమొక రేకుల పందిరి కింద కూర్చొని చేపల పులుసు, జొన్నరొట్టెలు చెప్పాము. పొయ్యి మా పక్కనే ఉన్నది. పెనం మీదనుండి తీసిన రొట్టెను ఆ మనిషి నేరుగా అమ్మ పళ్ళెంలో వేసింది. పొంగిన రొట్టె నడుమ చిల్లిపడి ఆవిరి లేచింది. అమ్మ దాన్ని రెండు చేతులతో తుంచి ఊదుకుంటూ తిన్నది. ఇంకొకటి అడిగింది. అదీ పూర్తిగా తిన్నది. మేము నోరు తెరుచుకొని చూస్తూ ఉన్నాము.

"వేడి రొట్టె ఎంత బాగుంటదో, మరిచేపోయిన" అన్నది.

ఇంట్లో రోజూ వేడి రొట్టెలే గదా చేసేదానివి అని మేమన్నాము.

"నేను కొట్టెటిదాన్ని గద బిడ్డా. మీ నాయిన, మీరు, మీ అవ్వ, అందరు తిన్నంక నేను కూసుందును. అప్పటికి పొయ్యి ఆరిపోవు, రొట్టె సల్లగవు. పనులకు పోయినప్పుడు బాటల మీద తిన్నది సల్లటిదే. ఇంట్ల తిన్నది సల్లటిదే."

ఆ పనుల సంగతి క్రొత్త చదువరులకు చెప్పాలి. పాలమూరు లేబరు అంటే ఒకప్పుడు దేశమంతటా తెలుసు. గుంపు మేస్త్రి వచ్చి, చేతిలో అడ్వాన్సు పెట్టి, ఊరిలోని మొగవాళ్ళను ఆడవాళ్ళను కాలువలకు, ఆనకట్టలకు, బొంబాయి, పూణే కట్టడాలకు తీసుకొనిపోయేవాడు. మా అమ్మానాయిన కూడా పోయారు. పోయే ముందు అమ్మ రెండు రోజులు కూర్చొని పలుచటి రొట్టెలు చేసి, పెనం మీద గట్టిపడేదాకా కాల్చి, ఆరబెట్టి, గుడ్డలో కట్టేది. తడి లేకుండా ఎండిన రొట్టె చాలా దినాలు నిలుస్తుంది. దానికి తోడు కారం, బుడ్డల పొడి. రైలులోనూ, లారీలోనూ, రాళ్ళకుప్ప మీదా వాళ్ళు తిన్నది అదే. బయట తినడం అంటే మాకు ఉగ్గాని, చేపల పులుసు. ఆమెకు బయట తినడం అంటే పొయ్యి లేకపోవడం. కాగితంలో చుట్టి, చల్లారి, ఎదుట ఎవరూ లేకుండా వచ్చిన రొట్టెను చూసినప్పుడు ఆమెకు ఏమి గుర్తుకు వచ్చేదో జూరాల దగ్గర మాకు తెలిసింది.

వచ్చే దారిలోనే అయిదు కిలోల తెల్ల జొన్నలు కొన్నాము. కొద్దికొద్దిగా గిర్నిలో పట్టిస్తున్నాము; పాతబడిన పిండితో చేస్తే రొట్టె విరుగుతుందని అమ్మ చెప్పింది. గోధుమపిండిలో ఉండే సాగుడు జొన్నపిండిలో ఉండదు. అందుకని మసిలే నీళ్ళు పోసి కలపాలి. ఆ వేడికి పిండి కొంచెం ఉడికి జిగురు పుడుతుంది. చేయి కాలినా వదలకుండా పిసకాలి. పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, అరచేతితో కొడుతూ తిప్పాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్ళు అద్ది, ఆరిన తరువాత తిరగవేయాలి. అమ్మ కుర్చీలో కూర్చొని ఇదంతా చెబుతూ ఉంటే మేమిద్దరం వంతులవారీగా నేర్చుకున్నాము. మొదటి వారం మా రొట్టెలు నాలుగు మూలలుగా, అయిదు మూలలుగా వచ్చాయి. మా అబ్బాయి వాటికి జిల్లాల పేర్లు పెట్టాడు. ఇప్పుడు ఇంచుమించు గుండ్రంగానే వస్తున్నాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. చక్కెర ఉన్నవాళ్ళు జొన్నరొట్టెలు ఎన్ని తిన్నా ఏమీ కాదనుకోవడం పొరపాటు. పాలిష్ బియ్యంకంటే జొన్నలో పీచు ఎక్కువ గాని, అదీ పిండి పదార్థమే. లెక్క తప్పరాదు, పూట తప్పరాదు. మాత్ర వేసుకున్న పెద్దవాళ్ళు ఎంత తిన్నారో ఎవరైనా దగ్గర కూర్చొని చూడాలి. మేము నేర్చుకోవలసి వచ్చిన విధంగా మీరు నేర్చుకోకూడదు.

నేర్చుకున్న మరొక సంగతి ఉన్నది. ఇంటి వంట మంచిది, ఇంటి వంట మంచిది అని మనం సంఘంలోనూ చుట్టాలలోనూ తరచుగా అంటాము. నిజమే. గాని వేడి రొట్టె తినేవాళ్ళ వెనుక తినకుండా పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకరుంటారు. మా ఇంట్లో ముప్పై ఏండ్లు ఆ ఒకరు ఎవరో మేము అడగలేదు. ఇప్పుడు మొదటి రొట్టె అమ్మ పళ్ళెంలో పడుతుంది. రొట్టె కొట్టినవాళ్ళకు ఆఖరి రెండు రొట్టెలు రెండవవాళ్ళు లేచి చేసి పెట్టాలని ఇంట్లో ఒక కట్టడి పెట్టుకున్నాము. ఏ రోజైనా ఇద్దరికీ ఓపిక లేకపోతే ఉగ్గానో, నూడుల్సో, బిర్యానీ పొట్లమో ఉండనే ఉన్నది.

మేము రొట్టెలు తేవడం మానేసినందుకు బండి ఆమె ఏమనుకుంటుందోనని మనసులో ఉండి, ఒక సాయంకాలం నడకకు పోయినప్పుడు అమ్మను అక్కడికి తీసుకొనిపోయాము. అమ్మ ఆమె పక్కన ముక్కాలి పీట వేయించుకొని కూర్చొని, పిండి ఏ గిర్నిలో పట్టిస్తవు, జొన్నలు యాడివి అని అరగంట మాట్లాడింది. చివరకు, "నీవు ఎప్పుడు తింటవమ్మా?" అని అడిగింది.

"పది దాటుతది అవ్వా. ఇంటికి పోయి ఇంత అన్నం పెట్టుకుంట. దినమంత రొట్టెలు కొట్టి, మల్ల నాకోసం యాడ కొట్టుకుందును?" అన్నది ఆమె.

అమ్మ ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ చేయమన్నది. పెనం మీదనుండి తీసి, గుడ్డలో చుట్టి, వంకాయ కూర గిన్నెలో పెట్టి, మా అబ్బాయికిచ్చి, "సల్లగ కాకముందే ఉరుకు" అన్నది.

వాడు తిరిగి వచ్చి చెప్పాడు. ఆమె గిరాకీని కాసేపు ఆగమని, బండి వెనుక నిలబడి, అక్కడికక్కడే తిన్నదట.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.